ఊరి శాసనాన్ని సర్వే నంబరుతో సహా రాసిపెట్టండి

2023 నవంబరు నెలాఖరున, తెల్లవారితే తెలంగాణలో పోలింగు అనగా, నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. సగం గేట్లు మావంటే మావని అడ్డుకంచెలు పెట్టుకున్నారు. ఆంధ్ర వైపు వాళ్లు కుడికాలువకు నీళ్లు వదిలారు. చివరికి కేంద్ర బలగాలు వచ్చి డ్యాంకు కాపలా కాయాల్సి వచ్చింది. టీవీల్లో వాటాల లెక్కలు, ట్రిబ్యునళ్ల పేర్లు, విభజన చట్టం సెక్షన్లు హోరెత్తుతుంటే నాకు మాత్రం పోరుమామిళ్లలో ఉన్న రెండు రాతిపలకలు గుర్తొచ్చాయి.

పోరుమామిళ్ల కడప జిల్లాలో బద్వేలు దగ్గర ఉంటుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఉదయగిరి నుంచి ఆ సీమను ఏలుతూ 1369లో అక్కడొక చెరువు కట్టించాడు. అనంతరాజసాగరం అని పేరు పెట్టాడు. కట్టించినవాడు అంతటితో ఊరుకోలేదు. చెరువు కట్టాలంటే ఏమేం కావాలో, ఎక్కడ కట్టకూడదో సంస్కృతంలో చెక్కించి భైరవుడి గుడి ముందు నిలబెట్టించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని లెక్క తేల్చాడు. అంగాల్లో ధర్మం తెలిసిన రాజుతోపాటు నీటి శాస్త్రం తెలిసిన పండితుడూ ఉన్నాడు. గట్టి బంకమట్టి నేల ఉంది. మూడు యోజనాల దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే నది ఉంది. రెండు కొండల మధ్య మరీ పొడుగు కాకుండా గట్టిగా కట్టిన రాతికట్ట ఉంది. పొడవాటి తిన్నని రాళ్లు దొరికే గని ఉంది. కట్టడంలో ఆరితేరిన పనివాళ్ల గుంపు ఉంది. ఈ చెరువుకు రోజుకు వెయ్యిమంది కూలీలు పనిచేశారనీ, రాతిపనికి వంద బండ్లు తిరిగాయనీ, పని రెండేళ్లు పట్టిందనీ కూడా రాయించాడు.

ఇక దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం ఒకటి. చవుడు నేల ఒకటి. చెరువు కడుపులో తాబేలు వీపులా మిట్ట ఉండటం ఒకటి. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువవడం రెండు. మిగిలిన ఒక్కటి చదివినప్పుడు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. అది రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం.

ఆ శాసనం రాయించినవాడికి కృష్ణా జలాల గొడవ ముందే తెలుసని నేను అనడం లేదు. నదికి పొలిమేరల్లో ఆనకట్టలు కట్టొద్దని కూడా అనడం లేదు. సాగర్ పూర్తయ్యేనాటికి అది ఒకే రాష్ట్రం, కట్టకపోతే పల్నాడు, నల్లగొండ ఎలా ఉండేవో ఊహించడానికే భయం. నేను చెప్పేది ఇంకొకటి. నీళ్ల మీద పొలిమేర పడితే తగువు తప్పదని, కట్ట గట్టిగా ఉన్నంత మాత్రాన చెరువు నిలవదని, ఈ నేల మీదే ఎవరో అనుభవం మీద తెలుసుకున్నారు. తెలుసుకున్నది చవుడు నేలతో సమానంగా, సాంకేతిక దోషంగా జమకట్టారు. 2014లో రాష్ట్రాన్ని విడదీసేటప్పుడు పోరుమామిళ్ల సంగతి తెలిసినవాళ్లు ఆ గదుల్లో ఎంతమంది ఉన్నారో మరి. ఉండి ఉంటే, డ్యాంల నిర్వహణ ఎవరి చేతిలో ఉండాలన్న మాటను నదీ యాజమాన్య బోర్డులకు వదిలేసి చేతులు దులుపుకునే ముందు ఇంకాస్త ఆలోచించేవాళ్లని నా నమ్మకం.

పాతరాళ్ల వల్ల ఇవాళ ఏం ఉపయోగం అని అడిగేవాళ్లకు నేను ముందు ఈ శాసనమే చూపిస్తాను. గుళ్లూ కోటలూ తర్వాత.

ఎందుకంటే గుళ్లకూ కోటలకూ మనదగ్గర ప్రేమ తక్కువేం లేదు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ సంబరపడని వాళ్లు లేరు. నేనూ పడ్డాను. రాజుల పేర్లతో జిల్లాలున్నాయి, యూనివర్సిటీలున్నాయి, కూడళ్లలో గుర్రం మీద విగ్రహాలున్నాయి. గతం మన రాజకీయాల్లో రోజూ తిరుగుతూనే ఉంటుంది. అయితే అది తిరిగే తీరు చూస్తే బాధేస్తుంది. ప్రతి కులానికీ ఒక రాజు కావాలి. ఆ రాజు మావాడేనని వాట్సాప్‌లో ఒక వంశవృక్షం తిరుగుతుంది. కాదన్నవాడిని ద్రోహి అంటారు. కాకతీయులది ఏ కులం అన్న తగువులో ఎన్ని స్నేహాలు చెడ్డాయో నాకు తెలుసు. విచిత్రమేమంటే ఆ తగువులో ఎవరూ శాసనం దాకా వెళ్లరు. వెళితే తగువే మెత్తబడుతుంది. గణపతిదేవుడి మోటుపల్లి శాసనం వాళ్ల వంశాన్ని సూర్యుడి దాకా తీసుకెళ్తుంది. వాళ్ల కాలానివే మరికొన్ని శాసనాలు వాళ్లది నాలుగో వర్ణమని మొహమాటం లేకుండా చెప్తాయి. ఆ రోజుల్లో అధికారం ఎలా సంపాదించుకునేవాళ్లో, సంపాదించాక దానికి వంశం ఎలా కట్టుకునేవాళ్లో ఆ రెండు రకాల రాళ్లను పక్కపక్కన పెట్టి చదివితేనే అర్థమవుతుంది. మావాడా మీవాడా అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. అంతకంటే పెద్ద సంగతి దొరుకుతుంది.

మోటుపల్లి అన్నాను కాబట్టి ఆ శాసనంలో అసలు విషయం కూడా చెప్పాలి. చినగంజాం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఊరది. ఒకప్పుడు పెద్ద రేవు. ఓడ తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో ఉన్న సరుకంతా రాజు లాగేసుకోవడం వెనకటి ఆచారం. 1244లో గణపతిదేవుడు ఆ ఆచారాన్ని ఎత్తేశాడు. ప్రాణం కంటే ధనమే ముఖ్యమనుకుని సముద్రం మీద అంత సాహసం చేసి వచ్చేవాళ్లను దోచుకోబోమని, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ ముట్టబోమని అభయమిచ్చి, ఏ సరుకు మీద ఎంత సుంకమో రేటు సహా చెక్కించి ఊళ్లో నిలబెట్టాడు. పన్ను ఎంతో ముందే బహిరంగంగా చెప్పడం, చెప్పినదానికి మించి తీసుకోబోనని మాట ఇవ్వడం. నేటి వ్యాపారి ఏ ప్రభుత్వాన్నయినా అడిగేది ఇంతకంటే ఎక్కువ కాదు.

మోటుపల్లి రాజు వేయించిన శాసనం. నాకు అంతకంటే ఇష్టమైనవి రాజులు వేయించనివి.

నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడ ఒక రాయి మీద, కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను అక్కడి సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడని ఉంది. తేదీ కూడా ఉంది. మన లెక్కలో అది 1289 నవంబరు 27. ఈ రాయి వెలుగులోకి రాకముందు ఆమె 1290ల మధ్యదాకా పాలించిందని పుస్తకాల్లో రాసుకున్నారు. ఒక్క ఊరి రాయితో పాలన ఏడాదులు మారిపోయాయి. ఆమె ఎలా పోయిందో రాయి చెప్పదు. రాణీ, సేనానీ ఒకేసారి పోయారంటే యుద్ధంలోనే అయి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. అది ఊహేనని కూడా చెప్పారు. రుద్రమ మీద ఎన్ని ప్రసంగాలు, ఎన్ని విగ్రహాలు, ఎన్ని వేషాలు! ఆమె చావుకు మాత్రం ఓరుగల్లులో ఏ మహాకవీ సాక్ష్యం రాయలేదు. రాసింది వాళ్ల కొలువులో పనిచేసిన పువ్వుల ముమ్మడి. అతని రాయే ఏ పశువుల కొట్టానికో గడపగా పోయి ఉంటే మనం ఈరోజుకీ తప్పు ఏడాదే చదువుకుంటూ ఉండేవాళ్లం, తప్పని తెలియకుండానే.

ఇంకా వెనక్కి వెళ్తాను. అమరావతి స్తూపానికి రాళ్లిచ్చిన వాళ్లలో విధికుడు అనే చర్మకారుడు ఉన్నాడు. పూర్ణకుంభం చెక్కిన పలక అతనిచ్చాడు. పలక మీద తన పేరొక్కటే వేయించుకోలేదు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకునని, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, నాగుడనే కొడుకుతో, కూతుళ్లతో, జ్ఞాతులతో, స్నేహితులతో, బంధువులతో కలిసి ఇస్తున్నానని రాయించుకున్నాడు. ఆ పలక కథ మొదటిసారి తెలిసినప్పుడు నేను చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను. తోలుపని చేసే మనిషి, తండ్రి ఉపాధ్యాయుడు, తాతగారి పేరే మనవడికి. దాదాపు రెండువేల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున అతను తన వృత్తి పేరును దాచుకోకుండా, తలవంచుకోకుండా, ఆ కాలపు అతి గొప్ప కట్టడం మీద వేయించుకోగలిగాడు. తర్వాత ఎప్పుడు, ఎందుకు ఆ తలుపులు మూసుకున్నాయి? కులం అనాదిగా ఇలాగే ఉందని నోరు పెద్దది చేసేవాళ్లకు విధికుడి పలకలాంటి సమాధానం ఇంకోటి లేదు. పూర్వం అంతా సమానమే, మధ్యలో ఎవరో వచ్చి చెడగొట్టారని చెప్పేవాళ్లకూ అది అంత సులువుగా లొంగదు. అతని పలక ఒక మనిషి గురించి చెప్తుంది, ఊరంతటి గురించి కాదు. ఇలాంటివి వందలు పోగైతే తప్ప ఊరి బొమ్మ రాదు. కాబట్టే ప్రతి రాయీ కావాలి.

నాగార్జునకొండలో మరో బొమ్మ. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, లెక్కలేనంత బంగారం, గోవులు, నాగళ్లు దానమిచ్చాడు. అతని చెల్లెలు చాంతిసిరి అదే లోయలో బుద్ధుడి మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, ఆ భిక్షువులు ధర్మం చెప్పిన దేశాల పేర్లు వరసగా రాయించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, తామ్రపర్ణి. మన గుంటూరు, పల్నాటి లోయల్లో ఒక ఆడమనిషికి ప్రపంచం అంత పెద్దగా తెలుసు. ఇదంతా గొప్పలు చెప్పుకోవడానికి పనికొస్తుందని ఎవరైనా అనుకుంటే వద్దనను. ఒకే ఇంట్లో అన్న యజ్ఞవాటిక, చెల్లెలి చైత్యం ఎలా ఇమిడాయో ఆలోచించడానికి అంతకంటే ఎక్కువ పనికొస్తుందని మాత్రం అంటాను.

ఇప్పుడు ఇవి ఎలా పోతున్నాయో చెప్పాలి. నాకు కడుపు మండేది ఇక్కడే.

మా వైపు ఒక ఊళ్లో పాతగుడికి జీర్ణోద్ధరణ జరుగుతుంటే చూడ్డానికి వెళ్లాను. ఊరివాళ్లు చందాలు వేసుకుని, బయట ఊళ్లలో ఉద్యోగాలు చేసుకునే పిల్లల దగ్గర కూడా వసూలు చేసి, ప్రేమగా చేసుకుంటున్న పని. ముఖమండపం కింద కొత్త గ్రానైట్ పలకలు పరిచారు. స్తంభాలకు ఎనామిల్ రంగు. ధ్వజస్తంభం దగ్గర నిలువెత్తు రాయి ఒకటి పెకలించి పడేసి ఉంది. మధ్యాహ్నపు ఎండలో చూస్తే దాని మీద ఏమీ కనబడదు, బోడిరాయి అనే అనిపిస్తుంది. నీళ్లు పోసి కొబ్బరిపీచుతో నెమ్మదిగా మన్ను తుడిచి, గొడుగు నీడపెట్టి, సెల్‌ఫోను టార్చిని రాయికి పక్కగా, దాదాపు ఆనించి పట్టాను. వెలుగు అడ్డంగా పడేసరికి అక్షరాల గుంటల్లో నీడ నిలిచింది. పైన సూర్యుడు, చంద్రుడు. కింద ‘స్వస్తిశ్రీ’. ఆ కింద శకసంవత్సరం సగం విరిగింది. తర్వాత వరసల్లో దేవుడి అఖండ దీపానికి చెరువు వెనక పదితూముల విత్తనం పట్టే మడి. అడుగున, ఈ ధర్మానికి తప్పినవాడు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతాడని.

కమిటీ పెద్దాయన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ‘దుడ్లు యాడుండాయో రాసిందా సార్ దాంట్లో?’ అన్నాడు. శాసనాలు చదివే ప్రతి మనిషికీ ఎదురయ్యే ప్రశ్న ఇది.

‘లేదు పెద్దాయనా, దీపానికి ఎవరో మడి ఇచ్చినారంట. మీ చెరువు వెనకే.’

‘మా చెరువు వెనకనా? ఎంత?’

‘పది తూములు.’

ఆయన ముఖం మారిపోయింది. ‘దేవుని మాన్యం అని మా నాయన చెప్తాండె. అది యాడుందో మాకు తెలీదు, ఎప్పుడో పాయ.’ పక్కనున్న కుర్రాళ్లను పిలిచి రాయిని ఇంకోసారి చదివించుకున్నాడు. దాన్ని కొట్టి కాలవ మీద మూతగా వేద్దామనుకున్న మేస్త్రీని, గుడి ఎదురుగా నిలబెట్టి చుట్టూ సిమెంటు లేకుండా కట్ట కట్టమన్నాడు. ఊరివాళ్లకు పట్టదు, వాళ్లకు విలువ తెలియదు అని పట్నంలో కూర్చుని తీర్పు చెప్పేవాళ్లతో నేను ఒప్పుకోను. ఏం రాసుందో చెప్పినవాళ్లు లేకపోతే ఎవరికైనా అది రాయే.

గుడి బాగుచేయడం తప్పు కాదు. రాతి మీద ఇసుకను ఒత్తిడితో చిమ్మి శుభ్రం చేయడం తప్పు. ఎంతో కాలంగా ఎండావానా తట్టుకున్న పైపొర, దానితో పాటు అక్షరాలు, ఒక పూటలో లేచిపోతాయి. అక్షరాల మీద సున్నం కొట్టడం, రంగు వేయడం తప్పు. శాసనం ఉన్న రాయిని తలకిందులుగా మెట్టుగా పరచడం తప్పు. చేసేవాళ్లది భక్తే. చెప్పేవాళ్లు లేకనే ఇదంతా.

గుప్తనిధుల వాళ్ల సంగతి వేరు. వాళ్లకు భక్తి లేదు, భయం లేదు. అమావాస్య రాత్రి వచ్చి నంది మూపురం పగలగొడతారు, శివలింగం పెకలిస్తారు, వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) కింద గొయ్యి తవ్వుతారు. జిల్లా ఎడిషన్‌లో ఈ వార్త రాని నెల ఉండదు. నంది కడుపులో వజ్రాలుంటాయని ఎవరు పుట్టించారో గానీ ఆ మాటకు రెండు రాష్ట్రాల్లో ఎన్ని నందులు మూపురాలు పోగొట్టుకున్నాయో లెక్కలేదు. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో పురావస్తు శాఖ తవ్వకాల్లో నిజంగానే ఒక కుండ దొరికింది. నిండా నాణేలు, 3,730. అన్నీ సీసపువి! ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. నిధుల వేటగాడికి దొరికితే ఛీ అని గట్టు మీదికి విసిరేసి పోయేవాడు. ఆ కుండ ఏ పొరలో, ఏ గోడ పక్కన, ఏ పూసలతో పాటు దొరికిందన్నదే దాని విలువ. బౌద్ధ విహారం ఉన్న కొండ మీద అంత చిల్లర ఎందుకు దాచారు, ఎవరి చేతులు మారి అక్కడికి వచ్చింది, ఇలాంటి ప్రశ్నలు దాని చుట్టూ ఉన్న మట్టి ఉంటేనే అడగగలం.

మట్టి అంటే గుర్తొచ్చింది, పాటిదిబ్బలు. పాత ఊళ్లు కూలి దిబ్బలైనచోట మట్టి బూడిదరంగులో సత్తువగా ఉంటుంది. రైతులు ఎప్పటినుంచో పాటిమన్ను తట్టల్లో మోసుకెళ్లి పొలాలకు తోలుకున్నారు. అప్పుడు దిబ్బకు ఏమీ కాలేదు. ఇప్పుడు పొక్లెయిన్ వస్తుంది, టిప్పర్లు వరస కడతాయి, వారం తిరిగేసరికి శాతవాహనుల కాలపు ఊరు ఏ వెంచరు రోడ్ల కిందో ఉంటుంది. గ్రానైటు క్వారీల పక్కన రాక్షసగుళ్లకూ ఇదే గతి. గుండ్రంగా పేర్చిన గుండ్లు, మధ్యలో రాతి గది, అందులో మూడువేల ఏళ్లనాటి మనిషి ఎముకలు, కుండలు, ఇనుప కత్తులు. క్వారీ వాడికి అవి అడ్డం తొలగించాల్సిన రాళ్లు.

నీళ్లు లేక, ఉద్యోగాలు లేక జనం అల్లాడుతుంటే పాతరాళ్ల గొడవేంటి అనేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. దానికి మన దగ్గరే సమాధానం ఉంది, నాగార్జునకొండ. 1955లో సాగర్‌కు శంకుస్థాపన జరిగింది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన పేద దేశం. తిండిగింజలకు వెతుక్కునే రోజులు. లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ తరఫున ఆర్. సుబ్రహ్మణ్యం బృందం ఆ లోయను వెతికి తవ్వింది. పాతరాతియుగం పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల విహారాలు, గుళ్లు, మెట్ల వరసల రంగస్థలం, స్నానఘట్టం దాకా బయటపెట్టి, రాసుకుని, కొన్నింటిని రాయి రాయిగా విప్పి కొండ మీదికి, దగ్గర్లోని అనుపు అనే చోటికి చేర్చింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. లోయ మునిగింది. ఆ లోయ అలాగే ఉండి ఉంటే ఎంత బాగుండేదని అనిపించినా నేను ఆ నిర్ణయాన్ని తప్పుపట్టను. నీళ్లూ కావాలి, చరిత్రా కావాలి అనుకుని రెండింటికీ ఖర్చుపెట్టిన మనుషులు వాళ్లు. ఆరేళ్లు ఇచ్చారు. ఇవాళ అంతకంటే ఎన్నో రెట్లు డబ్బున్న మనం నాలుగు లేన్ల రోడ్డుకు దారిలో పాటిదిబ్బ వస్తే ఆరు రోజులు ఆగడం లేదు. డబ్బు లేకపోవడం కారణమైతే ఆ రోజుల్లోనే ఆగకూడదు.

అమరావతి దీనికి రెండో కొస. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన కొత్త రాజధానికి రాళ్ల కోసం దీపాలదిన్నెను, అంటే స్తూపం ఉన్న దిబ్బను తవ్వించాడు. 1797లో కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, మళ్లీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. ఇవాళ మనకు తెలిసిన కొన్ని పలకలు ఆ బొమ్మల్లో తప్ప ఎక్కడా లేవు. 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించాడు. అక్కణ్నుంచి 1859లో చాలా పలకలు లండన్‌కు ఓడెక్కాయి. 1880లో గవర్నరు హుకుం మీద మిగిలిన దిబ్బంతా ఖాళీ చేశారు. తర్వాతి ఏడాది పురావస్తు సర్వే తరఫున బర్జెస్ వచ్చేసరికి అక్కడ ఉన్నది గొయ్యి. ప్రతిమలు బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై మ్యూజియంలో చల్లగా ఉన్నాయి. తిరిగి తేవాలనే కోరిక నాకూ ఉంది, గట్టిగానే ఉంది. కానీ తెచ్చినా స్తూపం తిరిగిరాదు. ఏ పలక ఎక్కడుండేదో, ఎవరి పలక పక్కన ఎవరి పలక ఉండేదో, విధికుడి పక్కన ఎవరు నిలబడ్డారో, రాసుకోకుండానే పెళ్లగించారు. దాన్ని ఏ దేశమూ తిరిగివ్వలేదు. లండన్ మీద కోపం పెంచుకునే ముందు, నిన్న రాత్రి మన మండలంలో ట్రాక్టరు ఎక్కిన మట్టి గురించి అడగాలి.

చట్టాలు లేవా? ఉన్నాయి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినది నేలలో ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలి. 1958 చట్టం కింద కేంద్రం కాపాడే కట్టడాల చుట్టూ వంద మీటర్లలో కొత్త కట్టడం కూడదు, ఆపైన రెండువందల మీటర్లలో అనుమతి కావాలి. ఆంధ్రప్రదేశ్‌కు 1960 చట్టం ఉంది, తెలంగాణకు 2017 చట్టం ఉంది. రాజ్యాంగం 51ఎ అధికరణంలో వారసత్వాన్ని కాపాడటం పౌరుడి విధి అని రాసుకున్నాం. చిక్కెక్కడంటే, నిక్షేపాల మాట పక్కనపెడితే, ఈ చట్టాలు జాబితాలో ఉన్నవాటినే కాపాడతాయి. దేశం మొత్తం మీద కేంద్ర జాబితా నాలుగువేలు దాటదు. చందుపట్లలాంటి రాళ్లు, పాటిదిబ్బలు, రాక్షసగుళ్లు వేలల్లో ఏ జాబితాలోనూ లేవు. జాబితాలో లేనిది పోతే పోయిందని తెలిసే దారే లేదు. పూర్వం రాయి అడుగున శాపం రాసేవాళ్లు, ఇచ్చిన భూమిని కాజేసినవాడు అరవైవేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. ఆ భయం పోయింది. చట్టం భయం ఊరిదాకా రాలేదు.

జాబితా ఎవరు రాయాలి? పురావస్తు శాఖల్లో ఉన్న మనుషులతో అది అయ్యేపని కాదు. శాసనాలు చదవగలిగేవాళ్లు రిటైరవుతుంటే ఆ కుర్చీలు నిండటం లేదు. వందేళ్ల కిందట ప్రభుత్వం చేస్తుందని ఎవరూ కూర్చోలేదు. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు పేరు మీద 1920ల్లో హైదరాబాదులో పుట్టిన పరిశోధక మండలి వాళ్లు ఊరూరా తిరిగి, శాసనాల అచ్చులు తీసి, 1935 నాటికి తెలంగాణ శాసనాలను సంపుటిగా అచ్చువేశారు. ఆదిరాజు వీరభద్రరావు లాంటివాళ్లు. బస్సులు లేని దారుల్లో, నిజాం రాజ్యంలో తెలుగుకు చోటే లేని రోజుల్లో. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చిందని పండగ చేసుకున్నామే, తెలుగు ఇంత పాతదని చూపించడానికి మన చేతిలో ఉన్నది రేనాటి చోళుల కాలపు కలమళ్ల శాసనం లాంటి ఊరిరాళ్లే. ఇవాళ కూడా సెలవురోజుల్లో బైకు మీద తిరిగి వీరగల్లులూ రాతిచిత్రాలూ వెతికే టీచర్లు, కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు కనిపెట్టినవి పేపర్లో ఒక రోజు వస్తాయి. ఆ తర్వాత వాటికి దిక్కు లేదు.

నా దగ్గర ఒక ప్రతిపాదన ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి భూముల రీసర్వే నడుస్తోంది. డ్రోన్లతో, రోవర్లతో సర్వేయర్లు ప్రతి పొలం గట్టు మీదా నడుస్తున్నారు. తెలంగాణలో ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది, అక్కడా రికార్డులు మళ్లీ రాసుకుంటున్నారు. బావి ఉందా, చెట్లు ఉన్నాయా అని రాసుకునే రికార్డులో ఇంకొక గడి పెట్టండి: ఈ సర్వే నంబరులో పాతరాయి, శాసనం, విగ్రహం, పాటిదిబ్బ, రాక్షసగుడి ఉందా? ఉంటే ఒక ఫొటో, అక్షాంశ రేఖాంశాలు. ఆ రాయి ఏ కాలానిదో సర్వేయరు చెప్పనక్కర్లేదు. ఉందని రాస్తే చాలు. క్వారీ లీజుకు, లేఅవుట్‌కు, మట్టి తవ్వకానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ గడి నిండి ఉంటే పురావస్తు శాఖకు ముందు కబురెళ్లాలి, వాళ్లు నిర్ణీత గడువులో వచ్చి చూసి రాసుకోవాలి, గడువులో రాకపోతే జవాబు చెప్పుకోవాలి. రైతు భూమి లాక్కోవడం ఇందులో లేదు. ఆ భయం ఉన్నంతకాలం ఏ రైతూ తన పొలంలో రాయి ఉందని చెప్పడు, రాత్రికి రాత్రి పక్కకు జరుపుతాడు. కాబట్టి ఆ హామీ అదే కాగితం మీద ఉండాలి. ఇంకా చెప్పాలంటే, తన పొలంలో శాసనాన్ని కాపాడిన రైతు పేరు రికార్డులో రాయాలి, పువ్వుల ముమ్మడి పేరు మిగిలినట్టు.

ప్రభుత్వం ఆ గడి పెట్టేదాకా పంచాయతీ చేయగలిగింది ఉంది. వచ్చే గ్రామసభలో అరపేజీ తీర్మానం పెట్టించండి, ఎవరూ కాదనరు. నేను రాసుకున్నది ఇది, ఖాళీలు నింపుకుని వాడుకోండి:

‘మా గ్రామ పరిధిలో సర్వే నంబరు …….లో, …….గారి పొలంలో/గుడి ఆవరణలో అక్షరాలున్న పాతరాయి ఒకటి ఉన్నది. దాని ఎత్తు ……., వెడల్పు ……. ఫొటోలు జతచేయడమైనది. ఈ రాయిని కదిలించరాదని, దాని మీద సున్నం గాని రంగు గాని వేయరాదని, దాని చుట్టూ పది అడుగుల లోపల తవ్వరాదని గ్రామసభ తీర్మానించడమైనది. ఇందువల్ల భూమి యజమాని హక్కుకు ఏ భంగమూ లేదు. శాసనం చదివించి, అందులోని విషయం తెలుగులో బోర్డు మీద రాయించవలసిందిగా జిల్లా కలెక్టరు గారిని, పురావస్తు శాఖ వారిని కోరడమైనది.’